చేప బొమ్మ ఉన్న డబ్బా

తెలుగు ఎక్కడ బతకాలి అని మన క్లబ్బులో ఎవర్ని అడిగినా కవిత్వంలో అంటారు, పాటలో అంటారు, కాస్త సీరియస్ మనుషులైతే బడిలో అంటారు. నా ఓటు ఎపాక్సీ డబ్బాకి. ఇనుముకి తుప్పు పట్టకుండా పూసే కోటింగులు, పగిలినవాటిని అతికించే జిగుర్లు, సందుల్లోంచి నీళ్లు కారకుండా నింపే సీలెంట్లు ఉన్నాయి కదా, వాటి డబ్బాల మీద ఎంతలో ఎంత కలపాలో, ఏది ఒంటికి తగలకూడదో తెలుగులో రాసి ఉండాలి. కనపడే సైజులో రాసి ఉండాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా ఎందుకు అనేదానికి జవాబు.

సీఎస్ఈ వాడివి, నీకు పెయింటు డబ్బాలతో ఏం పని అన్నాడు మా రూమ్మేటు. మాది భీమడోలు. మా వైపు నీళ్లూ ఇనుమూ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. అదీ పని.

తెలియనివాళ్లకి చెప్తున్నా. భీమడోలు ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ మధ్యలో, పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. రోడ్డు దిగి దక్షిణానికి పోతే చేపల చెరువులు, ఇంకా పోతే కొల్లేరు. ఆ సరస్సుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఆ గొడవ ఇక్కడ ఎత్తుకుంటే ఈ సంచిక చాలదు. నేను చెప్పేది గట్ల మీద బతికే వస్తువుల గురించి. చెరువులో చేపకి మేత వేయడానికి వెదురు గెడలు పాతి, వాటికి చిల్లుల సంచులు కడతారు. సంచుల్లో తవుడు, చెక్క ఉంటాయి. ఆ సంచుల దగ్గరికి రోజూ పడవ మీద వెళ్లాలి. రేకు పడవో, ఫైబర్ పడవో. రొయ్యల చెరువులైతే రాత్రంతా ఏరేటర్లు తిరగాలి, లేకపోతే తెల్లారేసరికి ఆక్సిజన్ అందక రొయ్య పోతుంది. ఇంజన్లు, పైపులు, తూము తలుపులు, షెడ్డు రేకులు, అన్నీ ఇనుమే. అన్నీ తడిలోనే.

ఇనుము తుప్పు పట్టడానికి నీళ్లూ గాలీ చాలు. ఉప్పు తోడైతే ఇంకా తొందర. కోటింగు చేసే పని ఒక్కటే, ఆ ముగ్గుర్నీ ఇనుము దాకా రానివ్వకపోవడం. జింకు ఎక్కువున్న ప్రైమరైతే ఇంకో మెట్టు ఎక్కి, ఇనుముకి బదులు జింకు తను కరిగిపోతుంది. వినడానికి చిన్న విషయమే. 2014 జూన్ 27న కోనసీమలో నగరం దగ్గర గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన పైపులో తడి గ్యాసు వెళ్లడం వల్ల పైపు లోపలి నుంచి తుప్పు తినేసిందని విచారణలో తేలింది. మనం క్లాసులో 'కరోజన్' అని రెండు మార్కుల ప్రశ్నగా చదువుకున్నది అదే.

స్కాట్లాండులో ఫోర్త్ వంతెన అని ఒక పెద్ద రైలు వంతెన ఉంది. దానికి రంగు వేయడం ఎప్పటికీ అయిపోదని అక్కడ సామెతే పుట్టింది. ఆ సామెతకి 2011లో చెల్లుచీటీ ఇచ్చేశారు. పదేళ్లు కష్టపడి పాత రంగంతా ఇనుము దాకా గీకేసి, సముద్రంలో చమురు బావుల కోసం తయారైన ఎపాక్సీని మూడు పొరలుగా వేశారు. పాతికేళ్ల దాకా మళ్లీ ముట్టుకోనక్కర్లేదని వాళ్ల అంచనా. అంత శక్తి ఉన్న సరుకు ఇప్పుడు భీమడోలు సెంటర్లో షాపులో కూడా దొరుకుతుంది. ఆ స్థాయిది కాకపోయినా అదే జాతిది. సరుకు వచ్చింది గానీ దాన్ని వాడే పద్ధతి మాత్రం డబ్బా మీద ఇంగ్లీషులోనే ఉండిపోయింది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా మావయ్య తన రేకు పడవకి ఎపాక్సీ కోటింగు వేయించాడు. వేసిన మనిషి సామాన్యుడు కాదు, ఇరవై ఏళ్లుగా ఫైబర్ పడవలు మరమ్మతు చేస్తున్నాడు, చుట్టుపక్కల ఊళ్లలో పేరున్నవాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి పడమట మబ్బు లేచింది. "వానొచ్చేత్తందండి, బేగా సెట్టవ్వాల" అని హార్డెనర్ ఇంకో రెండు మూతలు ఎక్కువ పోశాడు. వాన రాలేదు. కోటింగూ గట్టిపడలేదు. వారం తర్వాత కూడా చెయ్యి పెడితే జిడ్డుగా అంటుకునేది. నెల తిరక్కుండానే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. మావయ్యేమో "నకిలీ సరుకురా అల్లుడూ, నిండా ముంచేశారు" అన్నాడు. పడవ రెండోసారి గట్టెక్కింది, కూలీ రెండోసారి, డబ్బా రెండోసారి, మధ్యలో మేతకి పక్క చెరువు వాళ్ల పడవ అడుక్కోవడం.

నకిలీ కాదు. డబ్బా వెనకాల సన్నటి అక్షరాలతో స్పష్టంగా ఉంది, చెప్పిన పాళ్లు మార్చకూడదని. ఇంగ్లీషులో.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆయన తెలివితక్కువగా ఏమీ చెయ్యలేదు. ఆయన ఇరవై ఏళ్ల అనుభవం ఆయనకి ఏం నేర్పిందో అదే చేశాడు. ఫైబర్ పడవకి వాడేది పాలీస్టర్ రెసిన్. అందులో వేసే కేటలిస్టు నూటికి ఒకటి, రెండు పాళ్లు మాత్రమే. అది పాలకి తోడు లాంటిది. తోడు చెంచాడు వేసినా గిన్నెడు పాలు తోడుకుంటాయి, కొంచెం ఎక్కువైతే తొందరగా తోడుకుంటాయి. కాబట్టి "తొందరగా కావాలంటే ఇంకొంచెం పొయ్యి" అనే సూత్రం అక్కడ చెల్లుతుంది. మరీ ఎక్కువైతే వేడెక్కి పగుళ్లిస్తుంది గానీ, గట్టిపడకుండా పోదు.

ఎపాక్సీ అలా కాదు. అది కోలాటం. రెసిన్ ఒక వరస, హార్డెనర్ ఎదురు వరస. ఈ వరసలో ప్రతి చెయ్యికీ ఆ వరసలో ఒక చెయ్యి దొరకాలి, అప్పుడే వల అల్లుకున్నట్టు అల్లుకుని గట్టిపడుతుంది. ఇటు పదిమంది, అటు పదహారు మంది ఉంటే ఆరుగురు కర్రలు పట్టుకుని ఊరికే నిలబడతారు. ఆ మిగిలిపోయిన హార్డెనరే మావయ్య పడవ మీద జిడ్డు. అందుకే నాలుగు పాళ్లకి ఒక పాలు అని రాస్తే అది నాలుగుకి ఒకటే. పైగా కొన్ని జిగుర్లకి బరువు లెక్క వేరు, కొలత లెక్క వేరు. చాలా మందికి తెలిసిన మామూలు ఆరల్డైటే తీసుకోండి, ట్యూబుల్లోంచి సమానంగా పిండితే సరిపోతుంది, కానీ తూకం వేస్తే వందకి ఎనభై. ఈ తేడా తెలియాలంటే చదవాలి. ఇరవై ఏళ్ల అనుభవం చెప్పదు, పైగా తప్పు చెబుతుంది. ఈ తేడాని తెలుగులో రెండే వాక్యాల్లో చెప్పొచ్చు. ఫైబర్ మందుకి తోడు. ఎపాక్సీకి జోడు. డబ్బా మీద పట్టదా?

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. కలిపిన తర్వాత ఎంతసేపటిలోపు వాడేయాలి అని ఒక టైము రాస్తారు. ఆ టైము సాధారణంగా ఇరవై అయిదు డిగ్రీల దగ్గర లెక్క. పది డిగ్రీలు పెరిగితే ఆ టైము దాదాపు సగమవుతుంది. ఇరవై అయిదు డిగ్రీలు మా ఊళ్లో సంక్రాంతి నెలలో ఉంటాయేమో. మే నెలలో నలభై దాటాక డబ్బా మీద నలభై నిమిషాలు అని ఉంటే దాన్ని పావుగంటగానే చదువుకోవాలి. అదీగాక ఒకేసారి బకెట్టు నిండా కలిపితే దాని వేడి దాన్నే ఉడికిస్తుంది, పొగలు కూడా వస్తాయి. పళ్లెంలాంటి వెడల్పు గిన్నెలో కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. పోనీ చల్లటి పూట వేద్దామని తెల్లవారుజామున మొదలుపెడితే అదింకో తంటా. కొల్లేరు పక్కన తెల్లారేసరికి రేకుల మీద మంచు పట్టి ఉంటుంది. కంటికి కనపడని పల్చటి తడి మీద కోటింగు వేస్తే అది ఇనుముని పట్టుకోదు, తడినే పట్టుకుంటుంది. మంచు పట్టే ఉష్ణోగ్రత కంటే రేకు కనీసం మూడు డిగ్రీలు వేడిగా ఉండాలని ప్రపంచమంతా పాటించే నియమం. తుప్పు సంగతీ అంతే. తుప్పు మీద రంగు వేస్తే రంగు తుప్పుకి అంటుకుంటుంది, ఇనుముకి కాదు. మా వైపు పని చెడిపోయిన చోట్ల సగం నేరం రంగుది కాదు, గీకకపోవడానిది అని నా అనుమానం.

అంటుకోవడం అంటే ఏమిటో కొల్లేరు దగ్గర పుట్టినవాడికి వేరే ల్యాబు అక్కర్లేదు. తామరాకు మీద నీటిబొట్టు చూస్తే చాలు. బొట్టు ఆకు మీద పరుచుకోదు, ముత్యంలా దొర్లిపోతుంది. పరుచుకోనిది అంటుకోదు. ఏరేటర్ తేలడానికి వాడే ప్లాస్టిక్ తెప్ప పగిలితే ఫెవిక్విక్ పోసి, అతుక్కోలేదని తిట్టుకుంటారు. ఆ ప్లాస్టిక్ దాదాపు అన్ని జిగుర్లకీ తామరాకే. దాన్ని వేడి చేసి అతకాలి తప్ప జిగురుతో అయ్యే పని కాదు. ఆ మాట కూడా ట్యూబు మీద ఉంటుంది, చీమ కాళ్లంత అక్షరాల్లో.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బుల నష్టం. ఒంటి సంగతి చెప్తాను.

ఫైబర్ పనిలో మూడు సీసాలుంటాయి. రెసిన్, ఊదారంగులో ఉండే కోబాల్టు యాక్సిలరేటరు, నీళ్లలా ఉండే కేటలిస్టు. ఆ కేటలిస్టు ఒక పెరాక్సైడ్. కోబాల్టుని ముందు రెసిన్‌లో కలిపేయాలి, బాగా కలిశాక అప్పుడు కేటలిస్టు పోయాలి. ఆ రెండిటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే భగ్గుమంటుంది, పేలొచ్చు కూడా. ఆ నీళ్లలాంటిది కంట్లో పడితే చూపు పోవచ్చు. మా వైపు ఆ సీసాలు గట్టు మీద మంచినీళ్ల సీసాల పక్కనే ఉంటాయి. ఎపాక్సీది నెమ్మదైన దెబ్బ. చర్మానికి మాటిమాటికీ తగులుతుంటే ఒకరోజు దురద, దద్దుర్లు మొదలవుతాయి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే అది జన్మంతా పోదు, ఆ పనే మానుకోవాలి. చేతికి అంటిందని థిన్నరుతో కడుక్కుంటే చర్మం మీద ఉన్న కాస్త నూనె కూడా పోయి ఇంకా లోపలికి దిగుతుంది. సబ్బూ నీళ్లూ మేలు. ఇక హైవే పక్క షెడ్లలో లారీలకి స్ప్రే కొట్టే రెండు డబ్బాల పాలీయురెథేన్ రంగు ఉంది. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఆస్తమా తెప్పిస్తాయి. అక్కడ స్ప్రే కొట్టే కుర్రాళ్లలో నా వయసు వాళ్లున్నారు, ముక్కుకి జేబురుమాలు కట్టుకుంటారు. జేబురుమాలు దుమ్మునైనా సరిగ్గా ఆపదు, ఆ ఆవిరిని ఏం ఆపుతుంది?

బొమ్మలుంటాయిగా, చదవడం రాకపోయినా బొమ్మ చూసి తెలుసుకుంటారు అని ఒకరు వాదించారు నాతో. నిజమే, ఐక్యరాజ్యసమితి 2003లో ప్రపంచానికంతటికీ ఒకే రకం హెచ్చరిక బొమ్మలు తయారు చేసింది. ఎర్ర గీతల డైమండు లోపల నల్ల బొమ్మ. అందులో ఒకటి ఎండిపోయిన చెట్టు, పక్కనే తిరగబడ్డ చేప. నీళ్లలో కలిస్తే చేపలు చస్తాయని దానర్థం. ఎపాక్సీ రెసిన్ డబ్బా మీద ఆ బొమ్మ ఉంటుంది. మావయ్య చెరువు గట్టు మీద ఉన్న ఒక పెద్దాయనకి దాన్ని చూపించి ఇదేంటండి అని అడిగాను. ఆయన డబ్బా తిప్పి చూసి, "చేప బొమ్మేశాడు కదు బాబూ, చెరువు పడవలకి పనికొచ్చేదని" అన్నారు. ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టున్న మనిషి బొమ్మ ఇంకోటి ఉంది, ఊపిరితిత్తుల్లాంటి లోపలి అవయవాలకి దీర్ఘకాలం మీద హాని అని. దాన్ని చూసి ఆయన మనవడు "సూపర్‌మ్యాన్" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆ గట్టు మీద కడిగిన బ్రష్షుల నీళ్లు ఎటు పోతాయో ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. చేపలు పెంచే దేశంలో చేప బొమ్మకి అర్థం తిరగబడిపోతుంది. బొమ్మ కూడా భాషే, పక్కన ఒక్క తెలుగు వాక్యం లేకపోతే అది కూడా చదవడం రాని భాషే.

చట్టం సంగతి చూశాను. ప్యాకెట్ల మీద ఉండాల్సిన వివరాల గురించి 2011 నాటి లీగల్ మెట్రాలజీ రూల్స్ ఉన్నాయి. వాటి ప్రకారం ఆ వివరాలు దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉంటే చాలు. ఇంకో భాష కూడా అదనంగా వేసుకోవచ్చు, వేయాల్సిన అవసరం లేదు. వద్దన్నవాడు లేడు, వెయ్యమన్నవాడూ లేడు. అదే పురుగుమందుల దగ్గరికి వస్తే కథ వేరు. 1971 నాటి ఇన్సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం లేబులూ, లోపల పెట్టే కాగితమూ హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ సరుకు అమ్మే ప్రాంతపు భాష ఒకటో రెండో ఉండి తీరాలి. అందుకే మా నాన్న వరి చేనుకి తెచ్చే మందు డబ్బాలో మడతపెట్టిన కాగితం మీద తెలుగు ఉంటుంది. ఎంత మందు ఎన్ని లీటర్ల నీళ్లలో కలపాలి, ఎరుపు త్రికోణమా, పసుపా, నీలమా, పచ్చా, విరుగుడు ఏమిటి, అన్నీ. ఆ అక్షరాలు కూడా భూతద్దం పెడితే గానీ కనపడవు, దాని అనువాదం తలతిప్పుడు అనువాదం, అది వేరే బాధ. కానీ ఉంది. ఉండాలని యాభై ఏళ్ల కిందటే ఎవరో అనుకున్నారు. చేలో కలిపే మందుకి ఆ రూలు ఉన్నప్పుడు, షెడ్డులో కలిపే మందుకి ఎందుకు లేదు? రెండూ కొలతతో కలిపేవే, రెండూ ఒంటికి పడనివే, రెండిటినీ కలిపే చేతులు ఒకే ఊరివి. చాలాసార్లు ఒకే మనిషివి.

రంగుల్లో సీసం గురించి కూడా ఇలాంటి సగం పనే జరిగింది. ఇళ్లకీ అలంకరణకీ వాడే రంగుల్లో సీసం తొంభై పీపీఎం దాటకూడదని 2016లో నియమం తెచ్చారు, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మంచిదే. అది ఇంటి రంగులకి. పరిశ్రమల కోటింగులు దాని కిందికి రావు.

ఖర్చంటారు కంపెనీలవాళ్లు, ఇరవై రెండు భాషలు ఎక్కడ అచ్చేస్తాం అంటారు. ఇరవై రెండు ఎవరు అడిగారు? తెలుగు రాష్ట్రాలకి వచ్చే డబ్బా మీద తెలుగు. హైవే మీద ఏలూరు నుంచి గూడెం దాకా బస్సు కిటికీ పక్కన కూర్చోండి, రంగుల ప్రకటనలు గోడల మీద ఎంత చక్కటి తెలుగులో ఉంటాయో. టీవీలో జిగురు యాడ్ వస్తే మన యాసలో జోకులు కూడా వేస్తారు. అమ్మేటప్పుడు తెలుగు వస్తుంది, హెచ్చరించేటప్పుడు మర్చిపోతారు. నాకు ఇది లక్క ఇంటి కథలా ఉంటుంది. (మన కథల్లో మొదటి కోటింగు ప్రమాదం అదే కదా, గోడలకి లక్క పూసి నిప్పు పెట్టడం.) వెళ్లేముందు విదురుడు చుట్టూ ఉన్నవాళ్లకి అర్థం కాకుండా గూఢమైన మాటల్లో హెచ్చరించాడు. ధర్మరాజుకి ఆ మాటలు తెలుసు కాబట్టి అందరూ బతికి బయటపడ్డారు. మన డబ్బా మీద ఉన్నదీ అలాంటి గూఢభాషే. షెడ్డులో ధర్మరాజు లేడు. ఉన్నా ఎయిత్ క్లాసులో బడి మానేసి ఉంటాడు.

నాకు ఎక్కువ కోపం వచ్చే సంగతి ఒకటుంది, అది జీడిమామిడి. పిక్క కొట్టేటప్పుడు పెంకులోంచి నల్లటి నూనె కారుతుంది. పలాసలో, కోనసీమలో మోరి వైపు జీడిపప్పు పనిచేసే ఆడవాళ్ల వేళ్లు పొక్కేది దాని వల్లే. తీరంలో చెక్క నావలకి నీళ్లు పట్టకుండా, పురుగు తొలవకుండా ఆ నూనెనే పూసేవాళ్లు. సముద్రం మీద వాటర్‌ప్రూఫింగు అన్నమాట. ఇప్పుడు ఆ నూనెని వేడిచేసి, శుద్ధి చేస్తే కార్డనాల్ అనేది వస్తుంది. దాన్నుంచి ఫెనాల్కమైన్ అనే ఎపాక్సీ హార్డెనర్ తయారు చేస్తారు. దాని అణువుకి పొడుగాటి నూనె తోక ఉంటుంది, అది నీటిని దగ్గరికి రానివ్వదు. చలిలోనూ గట్టిపడుతుంది, కాస్త తడి ఉన్న ఇనుము మీద కూడా పట్టుకుంటుంది. అందుకే ప్రపంచమంతటా ఓడల కోటింగుల్లో దాన్ని వాడతారు. అంటే ఏ నూనెని మన నావలవాళ్లు ఏ లేబులూ లేకుండా చేతులతో తెలుసుకుని పూశారో, అదే నూనె కెమిస్ట్రీ చదువుకుని, ఓడలెక్కి, మళ్లీ మన దగ్గరికి డబ్బాలో వస్తోంది. మనం దాన్ని చదవలేకపోతున్నాం. సరుకు మనది, అనుభవం మనది, పొక్కిన వేళ్లు మనవి.

మాటలు లేవు కదా, తెలుగులో ఇవన్నీ ఎలా రాస్తాం అనేవాళ్లకి నా జవాబు: మాటలున్నాయి, మన దగ్గర లేవు అంతే. కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి ముక్కలు అతికే ముద్దని మక్కు అంటారు. దాని మీద సున్నం పూత, ఆ పైన రంగు. జిగురు, ప్రైమర్, టాప్‌కోట్, మూడూ వరసగా ఉన్నాయి చూడండి. గోడ గుంటలు పూడ్చేదాన్ని లప్పం అంటారు, దానికి పుట్టీ అని ఇంగ్లీషు పేరు పెట్టుకున్నది మనమే. లక్క, బంక, గుగ్గిలం, తారు ఉండనే ఉన్నాయి. పాత తెలుగులో తారుకి కీలు అనే మాట కూడా ఉంది. కీలు అంటే అతుకు కూడా. అతుకుకీ, అతుకు మీద పూసేదానికీ ఒకే పేరు! సీలెంటుకి ఇంతకన్నా మంచి మాట కనిపెట్టమన్నా నేను కనిపెట్టలేను.

ఇంకో పక్క తెలుగు మీడియం ఫిజిక్సు పుస్తకంలో సంసంజన బలాలు, అసంజన బలాలు అని ఉంటాయి. ఏది ఏదో గుర్తుపెట్టుకోవడానికే ఒక రాత్రి పడుతుంది. అలాంటి తెలుగు డబ్బా మీద వేస్తే ఇంగ్లీషే నయం అంటారు జనం, అనడం న్యాయం కూడా. ఫోను ఉందిగా, కెమెరా పెట్టి అనువాదం చేసుకోవచ్చు అని మా బ్రాంచి వాళ్లు అంటారు. చేసి చూశాను. 'పాట్ లైఫ్' అంటే కలిపాక వాడుకునే టైము. దాన్ని యాప్ 'కుండ జీవితం' అంది. 'ఫుల్ క్యూర్ సెవెన్ డేస్'ని 'ఏడు రోజుల్లో పూర్తి నయం' అంది. జ్వరం మాత్రల డబ్బా అనుకుంటారు. మెషీన్‌ని నేను తిట్టట్లేదు. దానికి ఈ విషయాల మీద తెలుగు ఎక్కడా దొరకలేదు, అందుకే రాలేదు. ఎవరూ రాయనిది అదెక్కడ చదువుతుంది? రాయాల్సింది మనం. ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇళ్లలో తెలుగు మాట్లాడే మనలాంటివాళ్లకి డబ్బా వెనకాలదీ అర్థమవుతుంది, గట్టు మీద మాటా అర్థమవుతుంది. ఆ మధ్యలో నిలబడగలిగేవాళ్లు వేరే ఎవరున్నారు?

రూలు మారాలి, అది ఢిల్లీలో మారాలి, దానికి ఉత్తరాలు రాద్దాం, ఎమ్మెల్యేని అడుగుదాం, అన్నీ చేద్దాం. అది అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఎపాక్సీకి ఒక పేజీ, ఫైబర్ రెసిన్‌కి ఒక పేజీ, స్ప్రే రంగుకి ఒక పేజీ. పెద్ద అక్షరాలు. భీమడోలు, పూళ్ల, గుండుగొలనులో రంగుల షాపుల కౌంటర్ల మీద అంటించడానికి ఒక ఆదివారం సరిపోతుంది. చదవడం రానివాళ్ల కోసం అదే విషయం ఆడియోలో, మన యాసలో. క్యూఆర్ కోడు పెట్టడం మన బ్రాంచికి పిల్లాట. కానీ పేజీ రాసేశాక ముందు మనం మెచ్చుకోకూడదు. షెడ్డుకి తీసుకెళ్లి, పనిచేసే మనిషితో చదివించి, ఆయన ఎక్కడ ఆగితే అక్కడ మాట మార్చాలి. కెమికల్ బ్రాంచి వాళ్లు ఎవరైనా ఒకరు పాళ్లూ హెచ్చరికలూ సరిచూడాలి. దీంట్లో ఒక్క తప్పు అంకె పడినా కవితలో అచ్చుతప్పు లాంటిది కాదు.

ఎపాక్సీ పేజీ చిత్తుప్రతి నేను మొదలుపెట్టాను. ఇలా ఉంది: "ఇది రెండు డబ్బాల మందు. రెండూ చెప్పిన కొలతలోనే కలపాలి. తొందరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ గట్టిపడదు. ఎండాకాలం డబ్బా టైము సగం కూడా ఉండదు, కొంచెం కొంచెంగా కలుపుకోండి. తుప్పు గీకకుండా, తడి తుడవకుండా పూయొద్దు. గ్లవ్స్ వేసుకోండి. చేతికి అంటితే సబ్బుతో కడగండి, థిన్నరుతో కాదు. బ్రష్షు చెరువులో కడగొద్దు. చేప బొమ్మ అంటే చేపలు చస్తాయని."

అందులో 'డబ్బా టైము' నాది కాదు, గూడెంలో ఒక పెయింటరు గారిది. పాట్ లైఫ్‌ని వాళ్ల షెడ్డులో అలాగే అంటారట. ఇంకా మాటలు కావాలి. ప్రైమర్‌ని మీ ఊళ్లో ఏమంటారు? పైకి ఆరినట్టుండి లోపల పచ్చిగా ఉన్న కోటింగుని ఏమంటారు? పెచ్చు లేవడానికీ, బుడగ లేవడానికీ, గీతలు పడటానికీ వేరువేరు మాటలున్నాయా? వడ్రంగులు, పడవల వాళ్లు, లారీ బాడీ షెడ్లు, పైపులు అతికేవాళ్లు, ఎవరైనా సరే, ఈసారి ఇంటికెళ్లినప్పుడు అడిగి, మాట పక్కన ఊరి పేరు రాసి వచ్చే సంచిక లోపు క్లబ్బుకి పంపండి.